ఫార్మలిన్ గదికి బ్యాడ్జీ ఏదీ?

పెద్దతిప్పసముద్రం మండలంలో పట్టుపురుగులు మేపే రైతు చాకీ (లేత) పురుగులు తెచ్చుకునే ముందు షెడ్డు శుద్ధి చేసుకుంటాడు. పాత పంట తాలూకు చెత్తంతా ఊడ్చి దూరంగా తగలబెడతాడు. తట్టలు, స్టాండ్లు, పురుగులు గూళ్ళు అల్లే చంద్రికలు కడిగి ఎండలో పెడతాడు. ఆ తర్వాత గోడలకు, నేలకు, పైకప్పుకు మందు కొడతాడు. ఏళ్ళుగా ఈ పనికి వాడుతూ వచ్చిన మందు ఫార్మలిన్. డబ్బాలో 36 శాతం ఉన్నదాన్ని 2 శాతానికి దించాలంటే లీటరుకు పదిహేడు లీటర్ల నీళ్ళు కలపాలన్న లెక్క బడి ముఖం చూడనివాళ్ళకు కూడా నోటికి వచ్చు. సందులన్నీ మూసేసి, స్ప్రేయరు భుజాన తగిలించుకుని, లోపలి మూల నుంచి తలుపు వైపు వెనక్కి నడుస్తూ కొట్టుకుంటూ వస్తారు. బయటపడేసరికి కళ్ళు ఎర్రబడి ఉంటాయి, ముక్కు కారుతూ ఉంటుంది. ఇక తలుపు మూసేస్తారు.

మర్నాడు తలుపులు, కిటికీలు బార్లా తెరుస్తారు. ఘాటు పూర్తిగా విరిగిందని నమ్మకం కుదిరేదాకా పురుగును లోపలికి తేరు. చాకీ పురుగు మహా సున్నితం. మందు ఘాటు తగిలితే పంట మొదట్లోనే చెడుతుంది. అంటే పురుగు పీల్చే గాలి మీద ఇంటిల్లిపాదికీ పట్టింపు ఉంది. మందు కొట్టే మనిషి పీల్చే గాలికి మాత్రం ముక్కుకు చుట్టుకున్న తువ్వాలే దిక్కు.

తువ్వాలు సరే, కోవిడ్ కాలంలో అలవాటైన ఎన్-95 మాస్కు కూడా ఇక్కడ పనికిరాదు. అది దుమ్మును, తుంపరను ఆపుతుంది, వాయువును ఆపదు. ఫార్మలిన్ అంటే నీళ్ళలో కరిగించిన ఫార్మాల్డిహైడ్ వాయువే. దాన్ని ఆపాలంటే ఆ వాయువుకు తగిన రసాయనం నింపిన కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. అవి పురుగుమందుల దుకాణంలో దొరకడం అరుదు.

ఈ ఘాటు షెడ్డుతో ఆగదు. పట్టుగుడ్లు తయారయ్యే గ్రైనేజీల్లో గుడ్ల కాగితాలను 2 శాతం ఫార్మలిన్‌లో ముంచి పైనున్న క్రిములను చంపుతారు. గ్రైనేజీ పేరుకు గుడ్ల కేంద్రమే అయినా నిజానికి అదొక ప్రయోగశాల. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి, ఆ ద్రావణాన్ని మైక్రోస్కోపు కింద చూసి పెబ్రిన్ రోగం లేదని తేలాకే గుడ్లు రైతుకు ఇస్తారు. 1865లో ఫ్రాన్సులోని అలెస్ ప్రాంతానికి వెళ్ళి పట్టుపురుగుల రోగాల మీద కూర్చున్న లూయీ పాశ్చర్ నేర్పిన పద్ధతి అది. బైవోల్టీన్ గుడ్లను నిద్ర లేపడానికి వేడి చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచే పనీ అక్కడే జరుగుతుంది. చిలుకల రెక్కల పొడి గాలిలో తేలుతుంటుంది. ఫార్మలిన్, ఆమ్లం, రెక్కల పొడి, మూడూ ఒకే కప్పు కింద.

కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. కుప్పమనే కాదు, ఏ వైద్య కళాశాలలోనైనా మొదటి ఏడాది విద్యార్థి అడుగుపెట్టగానే కళ్ళు మండే గది ఒకటుంటుంది. అది అనాటమీ వారి డిసెక్షన్ హాలు. శవం కుళ్ళకుండా నిలవడానికి కారణం ఫార్మలినే. మాంసకృత్తుల అణువులను ఒకదానితో ఒకటి ముడివేసి గట్టిపరచడం దాని గుణం. క్రిమిని చంపేదీ, శవాన్ని నిలబెట్టేదీ, కంటిపొరను మండించేదీ ఆ గుణమే. మదనపల్లెలోనో పుంగనూరులోనో ఆపరేషన్ చేసి తీసిన గడ్డను బయాప్సీకి పంపుతూ నర్సు చిన్న డబ్బాలో పోసే నీళ్ళలాంటి ద్రవం కూడా ఇదే. ఆ డబ్బా మూత తీసి ముక్కను కోసి, ఆ తర్వాత జైలీన్‌లో ముంచి, మైనంలో పెట్టి, పలచని పొరలుగా తీసే ల్యాబ్ టెక్నీషియన్ రోజంతా ఈ రెండు ఆవిర్ల మధ్యే ఉంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మొదట ముక్కు వెనక భాగంలో వచ్చే కేన్సర్‌కే ఆధారాలున్నాయన్నారు. 2009లో రక్త కేన్సర్‌నూ చేర్చారు. అదే ఏడాది అమెరికాలో శవాలకు ఫార్మలిన్ ఎక్కించే వృత్తిలో ఉన్నవారి మీద అక్కడి జాతీయ కేన్సర్ సంస్థ పరిశోధన ఒకటి వెలువడింది. ఆ పని ఎన్ని ఎక్కువ ఏళ్ళు చేస్తే మైలాయిడ్ ల్యుకీమియాతో చనిపోయే ముప్పు అంత ఎక్కువగా కనిపించింది. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది 'ఎన్ని ఏళ్ళు' అన్న ప్రశ్న. ఏడాదిపాటు డిసెక్షన్ చేసి వెళ్ళిపోయే విద్యార్థి సంగతి వేరు. ట్యాంకులోంచి శవాన్ని పైకి తీసి బల్ల మీద పెట్టి, సాయంత్రం మళ్ళీ కప్పిపెట్టే అటెండరు సంగతి వేరు. అతను ఆ గదిలోనే రిటైరవుతాడు.

ఇప్పుడు ఒక పెద్దాసుపత్రిలో పక్కపక్కనే ఉన్న రెండు గదుల్ని చూద్దాం. ఒకటి ఎక్స్‌రే గది. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి పుణ్యమా అని మదనపల్లె ప్రాంతానికి ఎక్స్‌రే కొత్త కాదు. ఆ గదిలో పనిచేసే టెక్నీషియన్ ఛాతీ మీద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ప్లాస్టిక్ బ్యాడ్జీ ఉంటుంది. దాన్ని టీఎల్‌డీ బ్యాడ్జీ అంటారు. లోపల లోహపు పలకకు మూడు తెల్లటి బిళ్ళలు బిగించి ఉంటాయి. రేడియేషన్ తగిలినకొద్దీ అవి ఆ శక్తిని దాచుకుంటాయి. మూడు నెలలకోసారి బ్యాడ్జీని గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపితే, అక్కడ బిళ్ళలను వేడిచేస్తారు. దాచుకున్న శక్తి వెలుతురుగా బయటికొస్తుంది. ఆ వెలుతురును కొలిస్తే ఆ మూడు నెలల్లో ఆ మనిషికి ఎంత మోతాదు తగిలిందో తెలుస్తుంది. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మనిషి ఉద్యోగం మారినా అతని లెక్క అతని పేరున కొనసాగుతుంది.

రెండో గది పాథాలజీ. అక్కడి టెక్నీషియన్‌కు తెల్ల కోటు ఉంటుంది, చేతి తొడుగులుంటాయి, బ్యాడ్జీ మాత్రం ఉండదు. ఇరవై ఏళ్ళలో ఎంత ఫార్మలిన్ పీల్చావని అడిగితే అతనూ చెప్పలేడు, ఆసుపత్రీ చెప్పలేదు. రేడియేషన్ కంటికి కనబడదు, వాసన రాదు, కాబట్టి కొలవక తప్పదన్నారు. ఫార్మలిన్‌కు వాసన ఉంది కాబట్టి కొలవనక్కర్లేదని ఎవరూ అనలేదు గానీ, జరుగుతున్నది మాత్రం అదే.

వాసనను నమ్ముకోవడంలో ఉన్న చిక్కు మూడు రకాలు. కొన్నింటికి అసలు వాసనే ఉండదు. 2018 జూలై 12న అనంతపురం జిల్లా తాడిపత్రిలోని ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు చనిపోయారు. ముక్కు వాళ్ళకు ఏ హెచ్చరికా ఇవ్వలేదు. ఇంకొన్ని ముక్కునే చంపేస్తాయి. కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో 100 పీపీఎం చేరితే కొద్ది నిమిషాల్లోనే వాసన తెలియకుండా పోతుంది. కంపు తగ్గిందని మనిషి ధైర్యంగా ముందుకు నడుస్తాడు. మూడోది అలవాటు. ఫార్మలిన్ గదిలో మొదటి పది నిమిషాలు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, గంట గడిచేసరికి పెద్దగా అనిపించదు. గాలి మారలేదు, ముక్కు రాజీపడింది. పైగా ఘాటు తెలియడంలో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. 'మాకేం కాలేదు, ఇన్నేళ్ళుగా చేస్తున్నాం' అనే పాత కాపులు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు. వాళ్ళ మాటను కొట్టిపారేయనక్కర్లేదు, కానీ అది కొలత కాదు.

పీపీఎం అంటే పది లక్షల వంతుల గాలిలో ఒక వంతు. చెబితే చాలా చిన్నదిగా వినిపిస్తుంది, అందుకే లెక్క వేసి చూడాలి. యాభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల ఎత్తున్న పట్టు షెడ్డు తీసుకుందాం. లోపలి గాలి దాదాపు 425 ఘనపు మీటర్లు. అంత గాలినీ 1 పీపీఎం ఫార్మాల్డిహైడ్‌తో నింపడానికి కావాల్సింది అర గ్రాము పైచిలుకు. డబ్బాలోని ఫార్మలిన్ లెక్కన ఒకటింపావు మిల్లీలీటరు, అంటే టీ చెంచాలో నాలుగో వంతు. అలాంటి షెడ్డుకు ఎంత పొదుపుగా కొట్టినా వంద లీటర్ల ద్రావణం పడుతుంది. అందులో రెండు కిలోల ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అదంతా గాలిలోకి లేవదు నిజమే. లేచింది వెయ్యో వంతే అయినా ఫ్యాక్టరీల చట్టంలోని 1 పీపీఎం హద్దు దాటినట్టే.

ఫార్మలిన్ ఘాటు భరించలేక ఇప్పుడు చాలాచోట్ల క్లోరిన్ డయాక్సైడ్ మందులకు మారుతున్నారు. మంచి మార్పే. కానీ ఘాటు తగ్గింది కదా అని కొలత అక్కర్లేదనుకుంటే పొరపాటు. క్లోరిన్ డయాక్సైడ్‌కు ఎనిమిది గంటల పనిలో గాలిలో ఉండదగ్గ హద్దు 0.1 పీపీఎం. మన ఫ్యాక్టరీల చట్టం ఫార్మాల్డిహైడ్‌కు ఇచ్చిన హద్దులో అది పదో వంతు. డబ్బా మీద రాసి ఉండే 500 పీపీఎం నీళ్ళలో కలిపే మోతాదు. ఆ అంకెనూ గాలి హద్దునూ కలిపి చూసుకుంటే లెక్క తారుమారవుతుంది.

సరే, కొలవాలి. ఎక్కడ కొలవాలి? ఇక్కడే చాలా సంస్థలు తప్పటడుగు వేస్తాయి. గది మధ్యలో ఒక యంత్రం పెట్టి, వచ్చిన అంకెను రిజిస్టర్లో రాసుకుని, హద్దు లోపలే ఉందని సంతకం పెట్టేస్తారు. మనిషి గది మధ్యలో నిలబడి ఊపిరి తీసుకోడు. డిసెక్షన్ బల్ల మీదికి వంగి, శవానికి అడుగు దూరంలో ముఖం పెట్టి పీలుస్తాడు. గది మూలన ఉన్న గాలికీ, ఆ అడుగు ఎడంలో ఉన్న గాలికీ పోలికే ఉండదు. 1960లో బ్రిటన్‌లోని హార్వెల్ అణు పరిశోధన కేంద్రంలో షేర్‌వుడ్, గ్రీన్‌హాల్ అనే ఇద్దరు చిన్న పంపును బ్యాటరీతో నడిపి పనివాళ్ళ ఒంటికే తగిలించారు. గదిలో స్థిరంగా పెట్టిన యంత్రం చెప్పిన దానికంటే మనిషి ఒంటి మీది పంపు చాలా ఎక్కువ చూపించింది. మనిషిని వెంటాడి కొలిచే పద్ధతి అక్కణ్ణుంచే వ్యాపించింది. అది పుట్టింది ఏ గనిలోనో మిల్లులోనో కాదు, ప్రయోగశాలలో.

కొలిచే చోటు తప్పితే ఏమవుతుందో విశాఖ చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద కమ్ముకుంది. పన్నెండు మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన లోపాల్లో ఒకటి, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగున మాత్రమే ఉండటం. చల్లబరిచే ఏర్పాటు కింది భాగంలో పనిచేస్తుంది కాబట్టి అక్కడ అంకె బాగానే కనిపించింది. పైపొరలు వేడెక్కిపోతున్న సంగతి చెప్పే సాధనం లేదు. కొలత ఉంది, రిజిస్టరు ఉంది, చోటే తప్పింది. అది కర్మాగారం, ఇది ల్యాబ్, అని తేడా చెప్పుకోవచ్చు. పాఠం మాత్రం రెండింటికీ ఒకటే.

ప్రయోగశాలలో సరైన కొలత ఇలా ఉంటుంది. పనిచేసే మనిషి కాలరుకు, ముక్కుకు ముప్పై సెంటీమీటర్ల లోపు, చూపుడు వేలంత సన్నని గొట్టం ఒకటి క్లిప్పుతో తగిలిస్తారు. లోపల డీఎన్‌పీహెచ్ అనే రసాయనం పూసిన సిలికా గింజలుంటాయి. గొట్టం నుంచి సన్నటి రబ్బరు పైపు వీపు మీదుగా నడుముకు కట్టిన పంపులోకి పోతుంది. పంపు నిమిషానికి ఇంత గాలి అని నిలకడగా లాగుతుంది. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి దాని వేగం సరిచూడాలి. లేకపోతే మొత్తం లెక్క చెల్లదు. గాలిలోని ఫార్మాల్డిహైడ్ ఆ రసాయనంతో కలిసి గింజలకు అతుక్కుపోతుంది. సాయంత్రం గొట్టం రెండు వైపులా మూతలు బిగించి, చల్లగా ల్యాబ్‌కు పంపితే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద ఎంత అతుక్కుందో తేలుస్తారు. మూత తీసి వెంటనే పెట్టేసిన ఖాళీ గొట్టం ఒకటి కూడా తప్పకుండా పంపాలి. గొట్టంలోనే ముందునుంచి ఏమైనా ఉందేమో అది పట్టిస్తుంది. పంపు అక్కర్లేని బ్యాడ్జీలు కూడా ఉన్నాయి. కాలరుకు పెట్టుకుని పని చేసుకోవడమే, గాలి తనంతట తానే అందులోకి చేరుతుంది. ఎక్స్‌రే గది బ్యాడ్జీకి ఇది తమ్ముడే.

అంకె వచ్చాక దాన్ని చదవడం ఇంకో విద్య. ఒక అటెండరు పావుగంటసేపు ట్యాంకు తెరిచి పనిచేశాడనీ, అప్పుడు గాలిలో 4 పీపీఎం ఉందనీ అనుకుందాం. మిగిలిన ఏడుముప్పావు గంటలూ 0.3 పీపీఎంలో గడిపాడు. మొత్తం సగటు తీస్తే 0.4 చిల్లర వస్తుంది. ఫ్యాక్టరీల చట్టం పెట్టిన ఎనిమిది గంటల హద్దు 1 పీపీఎం, కాబట్టి కాగితం మీద అంతా క్షేమం. కానీ పావుగంటకు వేరే హద్దుంది, 2 పీపీఎం. ఆ పావుగంటలో అతను హద్దుకు రెట్టింపు పీల్చాడు. రోజంతా ఒకే గొట్టం పెడితే ఆ పావుగంట సగటులో కలిసిపోయి కనబడకుండా పోతుంది. అందుకే ఘాటైన పనికి వేరే గొట్టం పెట్టాలి. సగటు చూపించి చేతులు దులుపుకోవడం ఈ రంగంలో పాత విద్యే.

గాలిని కాక మనిషినే కొలవచ్చు కదా అనిపిస్తుంది. కొన్ని రసాయనాలకు అది కుదురుతుంది. పాథాలజీ టెక్నీషియన్ పీల్చిన జైలీన్ ఒంట్లో మిథైల్ హిప్పూరిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుంది. షిఫ్టు ముగిసే వేళ తీసిన మూత్ర నమూనాతో ఆ రోజు లెక్క తెలుస్తుంది. చర్మం ద్వారా లోపలికి పోయింది కూడా ఇందులో పడుతుంది, గాలి కొలతకు అది దొరకదు. ఫార్మాల్డిహైడ్ మాత్రం ఈ ఉచ్చుకు చిక్కదు. అది మన రక్తంలో సహజంగానే లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు ఉంటుంది. బయటి నుంచి వచ్చింది ఒకటి రెండు నిమిషాల్లో విరిగిపోతుంది. రక్తం తీసి చూస్తే ఏమీ తేడా ఉండదు. దాని దెబ్బ తగిలే చోటు ముక్కు, కళ్ళు, గొంతు. కాబట్టి గాలిని కొలవడం తప్ప దారి లేదు.

మదనపల్లె టమాటా పొలాలకు దీనితో సంబంధం లేదనుకోకూడదు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు రక్తంలోని కోలినెస్టరేజ్ అనే ఎంజైమును దెబ్బతీస్తాయి. మన దగ్గర ఈ పరీక్ష ఎక్కువగా ఎప్పుడు చేస్తారంటే, ఎవరైనా మందు తాగి ఆసుపత్రికి వచ్చినప్పుడు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1974 నుంచి దాన్ని ముందుజాగ్రత్తకు వాడుతోంది. మందు కలిపే, కొట్టే పనివాళ్ళకు సీజన్ మొదలవక ముందే రక్తపరీక్ష చేసి ఒక్కొక్కరి మామూలు అంకె రాసిపెడతారు. ఎర్ర రక్తకణాల్లో ఆ ఎంజైము సొంత అంకెలో 80 శాతం కంటే దిగితే పని తీరు మీద విచారణ. 70 శాతానికి పడితే ఆ మనిషిని మందు పని నుంచి తప్పిస్తారు, మళ్ళీ 80 దాటాకే రానిస్తారు. ఎవరి అంకె వారికే కొలబద్ద కావడం ఇందులోని కిటుకు. మొదటి రక్తపరీక్ష లేకపోతే తర్వాతి పరీక్షలకు పెద్దగా అర్థం ఉండదు.

ప్రయోగశాలల చరిత్రలో ఆలస్యంగా కొలిచిన ఘటన ఒకటి పరిశోధకులెవరూ మరిచిపోలేదు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కరెన్ వెటర్‌హాన్ విషలోహాల మీద పరిశోధించే ప్రొఫెసర్. 1996 ఆగస్టు 14న ఆమె డైమిథైల్ మెర్క్యురీ వాడుతుండగా చేతి తొడుగు మీద చుక్కో రెండు చుక్కలో పడ్డాయి. పని ఫ్యూమ్ హుడ్ లోపలే జరుగుతోంది, లాటెక్స్ తొడుగులు ఉన్నాయి, నిబంధనలన్నీ పాటించారు. నెలల తర్వాత మాట తడబడి, నడక తూలి ఆసుపత్రికి వెళ్ళేసరికి 1997 వచ్చేసింది. రక్తంలో లీటరుకు 1 నుంచి 8 మైక్రోగ్రాములు ఉండాల్సిన పాదరసం 4,000 ఉంది. జూన్ 8న ఆమె మరణించారు. ఆ తర్వాత పరీక్షిస్తే తేలిందేమిటంటే, ఆ రసాయనం అలాంటి తొడుగులను పదిహేను సెకన్లలోపే దాటిపోతుంది. తొడుగు ఉంది కదా అన్న ధీమాను ఎవరూ అంతవరకు కొలిచి చూడలేదు.

ఇక చట్టం. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకర ప్రక్రియల మీద కొత్త అధ్యాయం చేర్చారు. 41-ఎఫ్ సెక్షను, రెండో షెడ్యూలు కలిసి ఏ రసాయనం గాలిలో ఎంత ఉండొచ్చో చెప్పాయి. పైన చెప్పిన 1 పీపీఎం, 2 పీపీఎం అక్కడివే. కానీ అది తయారీ జరిగే ఫ్యాక్టరీకి. కళాశాల డిసెక్షన్ హాలు ఫ్యాక్టరీ కాదు, డయాగ్నస్టిక్ సెంటరు ఫ్యాక్టరీ కాదు, రైతు సొంత షెడ్డు అసలే కాదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ పరిధి పెద్దది. పది మంది పనిచేసే చాలా రకాల సంస్థలు దాని కిందికొస్తాయి. నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష అన్నారు. రసాయనాల హద్దులు నిర్ణయించే పని మాత్రం రాష్ట్రాలకు వదిలారు, అదీ ఫ్యాక్టరీల్లోని తయారీ ప్రక్రియకే. వైద్య పరీక్ష మంచిదే. కానీ అది జరిగిన నష్టాన్ని చూపిస్తుంది, జరగబోయేదాన్ని కాదు.

మిగతా చోట్ల ల్యాబ్‌ను ల్యాబ్‌గానే చూశారు. అమెరికా 1990లో ప్రయోగశాలల కోసమే విడిగా నిబంధన తెచ్చింది. అందులోనూ అనాటమీ, పాథాలజీ గదుల్లో వాడే ఫార్మాల్డిహైడ్‌కు సడలింపు ఇవ్వలేదు. దానికి ఉన్న కఠినమైన ప్రమాణమే అక్కడా వర్తిస్తుంది, ఎనిమిది గంటలకు 0.75 పీపీఎం. కొలత ఫలితం వచ్చాక దాన్ని పనివాడికి రాతపూర్వకంగా తెలియజేయాలి, ముప్పై ఏళ్ళు దాచాలి. జపాన్ ఇంకా ముందుకు పోయింది. 2008 నుంచి అక్కడ 0.1 పీపీఎం కొలబద్దగా పెట్టి, ఆరు నెలలకోసారి కొలవాలన్నారు. వైద్య కళాశాలలు గాలిని కిందికి లాగేసే డిసెక్షన్ బల్లలు కొనక తప్పలేదు. మన 1 పీపీఎంకూ వాళ్ళ 0.1కూ మధ్య దూరం చూసి గాబరా పడేముందు ఒక మాట. హద్దు ఎక్కడుండాలన్న వాదన కొలిచినవాళ్ళు చేసుకునేది. మనం ఇంకా గొట్టమే తగిలించలేదు.

తగిలించడానికి అడ్డం వచ్చేదేమీ ఆకాశంలో లేదు. భారత వైద్య పరిశోధన మండలి కింద వృత్తి ఆరోగ్యం మీద పనిచేసే దక్షిణాది ప్రాంతీయ కేంద్రం దేవనహళ్ళి దగ్గరుంది. పెద్దతిప్పసముద్రం నుంచి చింతామణి మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. గాలి నమూనాలను పరీక్షించే ప్రైవేటు ల్యాబ్‌లు బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉన్నాయి. డిసెక్షన్ హాలుంటే ఒక్క రోజు పని ఇది. బ్యాడ్జీ పెట్టాల్సింది ప్రొఫెసరుకు కాదు, అటెండరుకు. ఒకటి రోజంతా, ఇంకొకటి ట్యాంకు తెరిచే పావుగంటకు. బల్ల మీద వంగి కోసే విద్యార్థుల్లో ఒకరిద్దరికి, పాథాలజీలో నమూనా డబ్బాలు ఖాళీ చేసే మనిషికి. ఖాళీ గొట్టం ఒకటి. కిటికీలు తెరిచారా మూశారా, ఆ రోజు ఎండ ఎంత, ఎన్ని బల్లల మీద పని జరిగింది అన్నవి పక్కనే రాసుకోవాలి. వేడి పెరిగినకొద్దీ ఆవిరి పెరుగుతుంది, మార్చి అంకె డిసెంబరు అంకెలా ఉండదు.

అంకె ఎక్కువొస్తే మాస్కులు కొనడం మొదటి పని కాదు, చివరి పని. మూతలు సరిగా పట్టని ట్యాంకులకు కొత్త రబ్బరు అంచులు వేయించాలి. డబ్బాల్లోని వాడేసిన ఫార్మలిన్‌ను సింకులో పారబోసే అలవాటు మానిపించాలి. పైకప్పుకు వేలాడే సీలింగ్ ఫ్యాన్లను పని వేళ ఆపేయాలి. అవి ఆవిరిని బయటికి పంపవు, బల్ల మీదిదాన్ని లేపి గదంతా పరుస్తాయి. వాటికి బదులు బల్లల ఎత్తులో, ట్యాంకు పక్క గోడకు, బయటికి లాగే ఎగ్జాస్టు ఫ్యాన్లు పెట్టించి, అవి నడుస్తుండగా అదే అటెండరు కాలరుకు రెండోసారి గొట్టం తగిలించి చూడాలి.